సిద్ధ నాగార్జునుడు

సిద్ధ నాగార్జునుడు ప్రాచీన భారతదేశపు రసవాదులలో అగ్రగణ్యుడుగా పేరుపొందిన వ్యక్తి. పాదరసం, గంధకం, బంగారం మొదలైనవాటితో ఔషధాలను తయారుచేసే రసశాస్త్రానికి ఇతడిని మూలపురుషుడుగా భావిస్తారు. రాళ్ళను బంగారంగా మార్చగలిగినవాడని, శాతవాహన రాజుకు దీర్ఘాయువును ప్రసాదించాడని ఇతని గురించి అనేక కథలు భారతదేశంలోనే గాక చైనా, టిబెట్ దేశాలలో కూడా ప్రచారంలో ఉన్నవి. పల్నాడు జిల్లాలోని నాగార్జునకొండ ఈ పేరుమీదనే వెలసినది.

మాధ్యమిక దర్శనాన్ని స్థాపించిన బౌద్ధ తత్త్వవేత్త ఆచార్య నాగార్జునుడు, రసవాది అయిన నాగార్జునుడు ఒకే వ్యక్తి అని తెలుగునాట చిరకాలంగా నమ్మిక ఉన్నది. ఆధునిక చరిత్రకారులలో ఎక్కువమంది వీరిని వేర్వేరు కాలాలకు చెందిన వేర్వేరు వ్యక్తులుగా పరిగణిస్తున్నారు. కాని జీవితకథ మాత్రం అందరికీ కలిపి ఒక్కటిగానే ప్రచారంలోనికి వచ్చినది. ఈ వ్యాసంలో ముందుగా ఆ కథను, తరువాత అతని పేరున ఉన్న రసాయన విద్యను, చివరకు అందులో చారిత్రకంగా నిలిచేది ఎంత అన్న విషయాన్ని వివరించడమైనది.

పేరు, కాలము

నాగార్జునుడు అనే పేరు గల ప్రసిద్ధ వ్యక్తులు కనీసం ముగ్గురు కానవస్తారు.

మొదటివాడు మూలమాధ్యమికకారిక, విగ్రహవ్యావర్తని, రత్నావళి, సుహృల్లేఖ మొదలైన గ్రంథాల కర్త. ఇతని కాలం స్థూలంగా క్రీ.శ. 150 - 250 మధ్య అని పండితుల అభిప్రాయం.

రెండవవాడు బౌద్ధ తాంత్రిక సంప్రదాయంలో 84 మంది సిద్ధులలో ఒకడుగా లెక్కించబడిన నాగార్జునుడు.

మూడవవాడు రసవాది. అల్‌బెరూనీ సుమారు క్రీ.శ. 1030లో రచించిన భారతదేశ వర్ణనలో, సోమనాథ సమీపంలోని దైహక్ అనే కోటకు చెందిన నాగార్జునుడనే రసవాదిని పేర్కొన్నాడు. అతడు తన కాలానికి సుమారు నూరేండ్లకు పూర్వపువాడని, అతని గ్రంథం రసవిద్యా సారమంతటినీ కలిగి ఉండి మిక్కిలి అరుదుగా దొరుకుతున్నదని వ్రాశాడు. దీనిని బట్టి ఆ రసవాది 10వ శతాబ్దపువాడు కావలెను.

వీరుగాక, సుశ్రుత సంహితను సంస్కరించినవాడు నాగార్జునుడని 12వ శతాబ్దపు వ్యాఖ్యాత డల్హణుడు తెలిపాడు. వైద్య గ్రంథకర్తలైన వృందుడు, చక్రపాణిదత్తుడు నాగార్జునుని పేర ఒక కంటి మందును చెప్పి, దానిని అతడు పాటలీపుత్రంలోని ఒక స్తంభంపై చెక్కించాడని పేర్కొన్నారు.

జీవిత కథ

బాల్యము, యౌవనము

నాగార్జునుని గురించి లభిస్తున్న అతి ప్రాచీనమైన జీవితచరిత్ర చైనా భాషలో ఉన్నది. దీనిని 5వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో చైనాలో బౌద్ధ గ్రంథాలను అనువదించిన కుమారజీవుని రచనగా చెబుతారు. దాని ప్రకారం నాగార్జునుడు దక్షిణ భారతదేశంలో ఒక బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. చిన్ననాడే వేదాలను, ఇతర శాస్త్రాలను నేర్చి పేరుపొందాడు. టిబెట్ గ్రంథాలలో ఇతని జన్మభూమి విదర్భ అని ఉన్నది.

యౌవనంలో ఇతడు ముగ్గురు మిత్రులతో కలసి అదృశ్య విద్య నేర్చుకొనుటకు ఒక మాంత్రికుని వద్దకు వెళ్ళాడట. మాంత్రికుడు విద్యను చెప్పక, నీటితో నూరి కనురెప్పలకు రాసుకొనే గుళికలను మాత్రం ఇచ్చాడు. మందు అయిపోయినపుడు మరల తన వద్దకే వస్తారని అతని ఎత్తుగడ. నాగార్జునుడు గుళికను నూరుతూ దాని వాసనను బట్టి అందులోని డెబ్బది ద్రవ్యాలను, వాటి పాళ్ళను కూడా చెప్పివేశాడు. ఆశ్చర్యపోయిన మాంత్రికుడు విద్యను పూర్తిగా ఉపదేశించాడు. తరువాతి కాలంలో రసవాదిగా ఖ్యాతికెక్కిన పేరుకు ద్రవ్యాలను గుర్తించే నేర్పును అంటగట్టిన తొలి కథ ఇదియే.

ఆ విద్యతో నలుగురు మిత్రులు రాజాంతఃపురంలో ప్రవేశించి విచ్చలవిడిగా ప్రవర్తించారు. మంత్రుల సలహాపై రాజు ద్వారాలవద్ద సన్నని మట్టిని చల్లించి, అడుగుజాడలను బట్టి ఖడ్గధారులచే గాలిలో వేటు వేయించాడు. మిత్రులు ముగ్గురూ మరణించారు. రాజుకు అతి దగ్గరగా కత్తి దూయరాదన్న నియమం ఉండుటచే, రాజు ప్రక్కనే ఊపిరి బిగబట్టి నిలుచున్న నాగార్జునుడు ఒక్కడే బ్రతికి బయటపడ్డాడు. కోరికయే దుఃఖానికి మూలమని అప్పుడు గ్రహించి బౌద్ధ భిక్షువైనాడని కథ. అటుపిమ్మట ఒక నాగరాజు ఇతనిని సముద్రగర్భంలోని తన నివాసానికి తీసుకొనిపోయి మహాయాన సూత్రాలను చూపాడని, వాటిని ఇతడు లోకానికి తెచ్చాడని చెబుతారు. పేరులోని నాగ శబ్దానికి ఈ కథనే కారణంగా చూపుతారు.

శాతవాహన రాజుతో స్నేహము

సుహృల్లేఖ అనగా మిత్రునికి వ్రాసిన లేఖ. ఇందులో నాగార్జునుడు తన మిత్రుడైన ఒక రాజుకు ధర్మబోధ చేశాడు. రత్నావళి కూడా రాజునుద్దేశించినదే. ఈ రాజు శాతవాహన వంశీయుడని చైనా, టిబెట్ సంప్రదాయాలు రెండూ చెప్పుచున్నవి. ఇతడు యజ్ఞశ్రీ శాతకర్ణి కావచ్చునని కొందరు చరిత్రకారుల ఊహ. కృష్ణా తీరంలోని ధాన్యకటకం, అనగా నేటి అమరావతి ప్రాంతం, యజ్ఞశ్రీ రాజ్యంలోనిదే.

రాళ్ళను బంగారము చేసిన కథ

7వ శతాబ్దంలో భారతదేశంలో పర్యటించిన చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ ఈ కథను వ్రాశాడు. రాజు నాగార్జునుని కొరకు ఒక కొండను తొలిపించి అయిదు అంతస్తుల విహారాన్ని నిర్మింపసాగాడు. ప్రతి అంతస్తులోనూ బంగారు బుద్ధ ప్రతిమలు ఉంచవలెనని సంకల్పం. పని సగంలో ఉండగానే బొక్కసం ఖాళీ అయినది. రాజు దిగులుపడి ఉండుట చూచి నాగార్జునుడు అతనిని ధైర్యపరచి, కొండమీది పెద్ద రాళ్ళపై ఒక దివ్యౌషధాన్ని చిలకరించాడు. రాళ్ళన్నీ బంగారమైనవి. ఆ బంగారంతో విహారం పూర్తయినది.

హ్యూయన్‌త్సాంగ్ ఈ కొండను దక్షిణ కోసల దేశ వర్ణనలో చెప్పాడు. దాని పేరును భ్రమరగిరి అని కొందరు, పర్వత శబ్దానికి రూపాంతరమని కొందరు చదివారు. దానిని శ్రీపర్వతంతో పోల్చినవారు ఉన్నారు. ఒప్పుకొననివారూ ఉన్నారు.

టిబెట్ కథలలో బంగారం ఉపయోగం వేరుగా ఉన్నది. నలందలో కరవు వచ్చినపుడు ఇతడు రసవిద్యతో బంగారం చేసి భిక్షువులకు అన్నం పెట్టాడని ఒక కథ. మరియొక కథలో ఇతడు గంధశిల అనే కొండను మొదట ఇనుముగా, పిదప రాగిగా మార్చాడు. ఇంక బంగారం చేయబోగా, దానికొరకు మనుషులు కొట్లాడుకొని నశిస్తారని మంజుశ్రీ వారించుటచే మానుకొన్నాడు.

ఈ కథలన్నిటిలోనూ ఒక పోలిక ఉన్నది. నాగార్జునుడు తనకొరకు బంగారం చేసినట్లు ఏ కథలోనూ లేదు. విహారానికో, ఆకలిగొన్నవారికో చేశాడు. లోకానికి కీడు కలుగునన్నపుడు ఆపివేశాడు.

నిర్యాణము

నాగార్జునుని మరణ కథ కూడా రసాయనంతోనే ముడిపడి ఉన్నది. ఇతడు ఇచ్చిన రసాయనాన్ని సేవించి శాతవాహన రాజు కొన్ని వందల ఏండ్లు జీవించాడట. రాజ్యం కొరకు ఎదురుచూచి విసిగిన యువరాజు తల్లితో మొరపెట్టుకొన్నాడు. నాగార్జునుడు ఉన్నంతకాలం రాజుకు మరణం లేదని, అడిగినవారికి లేదనని ఆ బోధిసత్త్వుని శిరస్సునే దానంగా అడుగుమని ఆమె చెప్పినది. యువరాజు అట్లే అడిగాడు. నాగార్జునుడు, తాను మరణించినచో రాజు కూడా బ్రతుకడని విచారించి, పిదప ఎండిన రెల్లు ఆకుతో తన కంఠాన్ని తానే కోసుకొన్నాడు. ఈ వార్త విన్న రాజు కూడా ప్రాణం విడిచాడు.

టిబెట్ కథలో రెల్లు ఆకుకు బదులు దర్భ ఉన్నది. పూర్వజన్మలో దర్భ కోస్తూ ఒక పురుగును చంపిన పాపం మిగిలి ఉన్నందున, దర్భ తప్ప మరే ఆయుధమూ ఇతనిని తాకలేకపోయినదని చెబుతారు. ఎవరికీ దక్కని దీర్ఘాయువును ఒకనికి ఇచ్చినందువలన ఇచ్చినవాని ప్రాణమే పోవుట ఈ కథలోని విశేషం.

శ్రీపర్వతము

నాగార్జునుడు జీవితపు చివరి భాగాన్ని శ్రీపర్వతంపై గడిపాడని టిబెట్ సంప్రదాయం. నాగార్జునకొండలో దొరికిన ఇక్ష్వాకుల కాలపు (3వ, 4వ శతాబ్దాలు) శాసనాలలో ఆ లోయకు శ్రీపర్వతమని, నగరానికి విజయపురి అని పేర్లు ఉన్నవి. సింహళ భిక్షువుల కొరకు ఇక్కడ ఒక విహారం ఉండేదని బోధిశ్రీ అనే ఉపాసిక శాసనం వలన తెలియుచున్నది. నాగార్జునుని ముఖ్య శిష్యుడైన ఆర్యదేవుడు సింహళం నుండి వచ్చినవాడని చెబుతారు.

తరువాతి కాలంలో శ్రీపర్వతమనే పేరు నల్లమల కొండలలోని శ్రీశైలానికి స్థిరపడినది. 7వ శతాబ్దం నాటికే ఈ పర్వతం సిద్ధులకు, రసవాదులకు పేరుపొందినది. బాణభట్టు కాదంబరిలో ఒక వృద్ధ ద్రావిడ సాధువును హాస్యంగా వర్ణించాడు. అతనికి శ్రీపర్వతపు వింతకథలు వేలకొలది తెలియును. ధాతువాదమంటే పిచ్చి. సరిగా సిద్ధం కాని రసాయనాన్ని సేవించి జ్వరం తెచ్చుకొన్నాడు. రసవాదం ఆనాటికే జనంలో ఎంత వ్యాపించినదో, దానివలని అపాయం ఎంత తెలిసినదో ఈ వర్ణన వలన గ్రహించవచ్చును.

తెలుగులో 15వ శతాబ్దపు కవి గౌరన ద్విపదలో రచించిన నవనాథచరిత్రలో నాగార్జునుడు తొమ్మండుగురు నాథులలో ఒకడు. శ్రీశైలాన్ని బంగారం చేయబూనిన కథ ఇతనికి సంబంధించినదే. ఈ విధంగా బౌద్ధుల ఆచార్యుడు శైవుల సిద్ధుడుగా కూడా పూజలందుకొన్నాడు.

రచనలు

రసవాది నాగార్జునుని ముఖ్య రచనగా రసరత్నాకరం అనే గ్రంథాన్ని చెప్పుట పరిపాటి. దీనికి కారకుడు ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్ (1861 - 1944). ఆయన హిందూ రసాయన శాస్త్ర చరిత్రను రెండు సంపుటాలుగా 1902, 1909 సంవత్సరాలలో ప్రచురించారు. రెండవ సంపుటంలో ఒక వ్రాతప్రతి ఆధారంగా ఈ గ్రంథభాగాలను ముద్రించి, దాని కాలాన్ని 7, 8 శతాబ్దాలుగా ఊహించారు.

ఆ వ్రాతప్రతిలోనిది నిజానికి రసేంద్రమంగళం అనే గ్రంథమని, నాగార్జున కృతమైన రసరత్నాకరం ప్రత్యేకంగా లేదని డొమినిక్ ఉజాస్టిక్ అనే పండితుడు 1984లో నిరూపించారు. రసరత్నాకరం పేరుతో ప్రసిద్ధమైన గ్రంథం నిత్యనాథ సిద్ధుడు రచించినది. అది వేరు. రసేంద్రమంగళం కూడా 7వ శతాబ్దానికి తరువాతిదేనని నేటి పండితుల అభిప్రాయం.

గ్రంథంలో కొంత భాగం సంభాషణ రూపంలో ఉన్నది. నాగార్జునుడు, శాలివాహనుడు, రత్నఘోషుడు, మాండవ్యుడు, మర్రిచెట్టుపై నివసించు వటయక్షిణి ఇందులోని పాత్రలు. నాగార్జునుడు పన్నెండేండ్లు యక్షిణిని ఆరాధించి రసవిద్యను వరంగా కోరినట్లు ఇందులో ఉన్నది. 13వ శతాబ్ద ప్రాంతపు రసరత్నసముచ్చయంలో చెప్పిన 27 మంది రససిద్ధుల పేర్లలో నాగార్జునుని పేరు కూడా ఉన్నది.

రసశాస్త్రములో కృషి

రాళ్ళు బంగారమైన కథను ప్రక్కన ఉంచి, గ్రంథంలోని ప్రయోగాలను మాత్రం పరిశీలిస్తే నేటి రసాయన శాస్త్రానికి అర్థమయ్యే విషయాలు చాలా ఉన్నవి. వీటిలో ముఖ్యమైనది ఖనిజం నుండి లోహాన్ని వేరుచేయుట. దీనిని రసశాస్త్రంలో సత్త్వపాతనం అంటారు. ఆధునిక పరిభాషలో ఇది క్షయకరణం.

సత్త్వపాతనము

రసకం అనే ఖనిజాన్ని తరవాణి, క్షారం, నెయ్యి మొదలైనవాటితో పలుమార్లు భావన చేసి, ఉన్ని, లక్క, కరక్కాయ, వెలిగారం కలిపి మూత పెట్టిన మూసలో కాల్చినచో తగరం వంటి సత్త్వం దిగునని గ్రంథంలో ఉన్నది. రసకం అనునది జింకు కార్బొనేట్ గల ఖనిజం. కాల్చినపుడు అది జింకు ఆక్సైడుగా మారును. ఉన్ని, లక్క, నెయ్యి మాడి బొగ్గగును. ఆ బొగ్గు ఆక్సైడులోని ఆక్సిజన్‌ను లాగుకొని జింకును విడిచిపెట్టును. వెలిగారం మలినాలను కరగించి వేరుచేయును. జింకు 907 సెంటీగ్రేడు డిగ్రీల వద్దనే ఆవిరియగును గనుక మూత లేనిచో సత్త్వం గాలిలో కలసి మరల ఆక్సైడుగా మారిపోవును. మూత పెట్టవలెనన్న నియమానికి కారణం ఇదియే. రాజస్థాన్‌లోని జావర్ వద్ద జరిగిన త్రవ్వకాలలో జింకును బట్టీపట్టిన మట్టి పాత్రలు రాశులుగా బయటపడినవి. కాబట్టి ఈ విద్య గ్రంథాలకే పరిమితమైనది కాదు.

ఇదే విధంగా మాక్షికాన్ని తేనె, ఆముదం, గోమూత్రం, నెయ్యి, అరటి దుంప రసాలతో భావన చేసి మూసలో కాల్చినచో రాగి వంటి సత్త్వం వచ్చునని చెప్పబడినది. సువర్ణమాక్షికం అనునది రాగి, ఇనుము, గంధకం కలసిన ఖనిజం. ఇక్కడ కూడా తేనె, ఆముదం, నెయ్యి క్షయకరణులుగా పనిచేయును.

రాగి బంగారమగుట

రసకంతో రాగిని మూడుసార్లు కాల్చినచో అది బంగారమగునని గ్రంథకర్త చెప్పాడు. దీని ఫలితంగా ఏర్పడేది నిజానికి ఇత్తడి. రసకం నుండి వెలువడిన జింకు రాగిలో కలసి పసుపు రంగు తెచ్చును. చూపులకు బంగారమే. పరుసవేది కథలకు ఇటువంటి ప్రయోగాలు కొంతవరకు పునాది అయి ఉండవచ్చును. ఇదే గ్రంథంలో, సీసం కలిపి బూడిదతో కరగించినచో వెండి శుద్ధియగునని కూడా ఉన్నది. ఈ పద్ధతి నేటికీ విలువైన లోహాల పరీక్షలో వాడుకలో ఉన్నది.

స్వర్ణ భస్మము

పాదరసాన్ని సమాన భాగం బంగారంతో నూరి, గంధకం, వెలిగారం మొదలైనవి చేర్చి, మూసలో ఉంచి మూతపెట్టి మెల్లని మంటపై పుటం పెట్టవలెనని, ఆ రసాయనాన్ని సేవించినవాని శరీరం శిథిలం కాదని గ్రంథంలో ఉన్నది. తరువాతి కాలంలో వృద్ధిపొందిన స్వర్ణ భస్మ విధానానికి ఇది దగ్గరి పోలిక.

ఆ విధానంలో ముందుగా పలుచని బంగారు రేకులను ఎర్రగా కాల్చి నువ్వుల నూనె, మజ్జిగ, గోమూత్రం, తరవాణి, ఉలవ కషాయాలలో వరుసగా ముంచి శుద్ధి చేస్తారు. పాదరసంతో నూరి పిష్టిగా చేస్తారు. గంధకం చేర్చి కజ్జలి చేసి, నిమ్మరసంతో మర్దించి బిళ్ళలు కట్టి, రెండు మట్టి మూకుళ్ళ మధ్య ఉంచి సీలమన్ను చేసి పిడకలతో పుటం పెడతారు. ఇట్లు పలుమార్లు చేసిన పిమ్మట ఎరుపు కలిసిన గోధుమ వన్నె గల మెత్తని పొడి లభించును. వేళ్ళ గీతలలోనికి దూరుట, నీటిపై తేలుట భస్మానికి పరీక్షలు. బెల్లం, గురివింద గింజ, తేనె, నెయ్యి, వెలిగారం అనే మిత్రపంచకంతో కలిపి కాల్చినను మరల లోహంగా మారకుండుట మరియొక పరీక్ష. మిత్రపంచకంలోని బెల్లం, తేనె, నెయ్యి క్షయకరణులు. అనగా క్షయకరణ ప్రభావాన్ని పూర్వులు లోహం తీయుటకే గాక భస్మాన్ని పరీక్షించుటకు కూడా వినియోగించారు.

ఆధునిక రసాయన శాస్త్రముతో పోలిక

బంగారాన్ని అతి సూక్ష్మ కణాలుగా చేయుట ఆధునిక కాలంలో మైకేల్ ఫారడేతో ఆరంభమైనది. ఆయన 1857లో లండనులో బంగారు క్లోరైడు ద్రావణాన్ని, కార్బన్ డైసల్ఫైడులో కరగించిన భాస్వరంతో క్షయకరణం చేసి కెంపు రంగు ద్రవాన్ని తయారుచేశారు. ఆ రంగుకు కారణం ద్రవంలో తేలుచున్న లోహపు బంగారు కణాలేనని గ్రహించారు. ఆయన సీసాలు కొన్ని నేటికీ లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఉన్నవి.

1951లో జాన్ టర్కెవిచ్, ఆయన సహచరులు భాస్వరానికి బదులు సోడియం సిట్రేట్‌ను వాడారు. మరుగుచున్న లేత పసుపు రంగు బంగారు ద్రావణంలో సిట్రేట్ కలిపినపుడు రంగు మొదట పోయి, నీలి నలుపుకు తిరిగి, చివరకు ద్రాక్షసారాయం వంటి ఎరుపుకు వచ్చును. ద్రావణంలోని ప్రతి బంగారు అయాను మూడు ఎలక్ట్రాన్లను గ్రహించి పరమాణువగును. పరమాణువులు కూడి సుమారు 20 నానోమీటర్ల కణాలగును. నానోమీటరు అనగా మీటరులో నూరుకోట్లవ వంతు. సిట్రేట్ క్షయకరణిగా ఉండుటయే గాక, కణాల చుట్టూ చేరి వాటికి రుణ విద్యుదావేశం కల్పించి, ఒకదానితో ఒకటి అంటుకొనకుండా కాపాడును. సిట్రేట్ పాలు మార్చి కణం పరిమాణాన్ని మార్చవచ్చునని 1973లో ఫ్రెన్స్ చూపారు. ఈ కణాలు ఆకుపచ్చ కాంతిని, సుమారు 520 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం వద్ద, ఎక్కువగా శోషించుకొనుటచే ద్రవం ఎర్రగా కనబడును.

స్వర్ణ భస్మాన్ని 21వ శతాబ్దంలో ఎక్స్-రే వివర్తనం, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినులతో పరీక్షించినపుడు, అందులోని బంగారం లోహ రూపంలోనే, కొన్ని పదుల నానోమీటర్ల స్ఫటికాలుగా ఉన్నట్లు తేలినది. ఇవి గుంపులు కట్టి పెద్ద ముద్దలుగా కూడా ఉండును. దీనిని ఆధారం చేసుకొని నాగార్జునుడే నానో విజ్ఞానానికి ఆద్యుడని కొందరు వ్రాయుచున్నారు. ఈ మాటను రెండు కారణాలచే యథాతథంగా స్వీకరించుటకు వీలులేదు.

మొదటిది, రెండు పద్ధతుల మార్గాలు వేరు. ఫారడే, టర్కెవిచ్ పద్ధతులలో బంగారం అయానుగా కరగి ఉండి, క్షయకరణం వలన పరమాణువులై, చిన్నదాని నుండి పెద్దదిగా పెరుగును. భస్మంలో బంగారం మొదటినుండి చివరివరకు లోహంగానే ఉండి, పాదరసంలో కలసి, గంధకంతో పుటం పడి, పాదరసం ఆవిరియైన పిదప మెత్తని పొడిగా మిగులును. అనగా బంగారు భస్మంలో బంగారానికి క్షయకరణం జరుగదు. నాగార్జునుని గ్రంథంలో నిజమైన క్షయకరణం కనిపించేది రసకం, మాక్షికాల సత్త్వపాతనంలో.

రెండవది, కణం పరిమాణాన్ని కొలిచే సాధనం గాని, పరమాణువు ఎలక్ట్రాన్లను గ్రహించునన్న భావన గాని ఆ కాలానికి లేవు. ఆనాటి వారికి తెలిసినది ఏమనగా, ఏ వస్తువును దేనితో ఎంత నూరి ఎన్నిమార్లు పుటం పెడితే ఏమగును అన్న అనుభవం. ఆ అనుభవం స్వల్పమైనది కాదు. కాని దానిని దానిగానే గుర్తించుట సమంజసం.

పాదరసం విషపదార్థం. సరిగా తయారుకాని రసౌషధాల వలన మూత్రపిండాలకు, నాడీమండలానికి హాని కలుగును. రసశాస్త్ర గ్రంథాలు కూడా శుద్ధి లేని పాదరసం విషతుల్యమని హెచ్చరించినవి.

చారిత్రకత

తత్త్వవేత్త నాగార్జునుని రచనలుగా పండితులు అంగీకరించినవాటిలో పాదరస విద్య లేదు. కుమారజీవుని జీవితచరిత్రలో అదృశ్య గుళికలు ఉన్నవి గాని బంగారం చేయుట లేదు. బంగారం కథ 7వ శతాబ్దంలో హ్యూయన్‌త్సాంగ్‌తో కానవచ్చును. పాదరస గ్రంథాలు ఆ తరువాతివి. నలంద మహావిహారం 5వ శతాబ్దంలో ఏర్పడినది గనుక 2వ శతాబ్దపు ఆచార్యుడు అక్కడ ఉండుట పొసగదు. ఇన్ని శతాబ్దాల విషయాలు ఒక్కని జీవితంలో ఇమడవలెనంటే అతడు వందల ఏండ్లు జీవించి ఉండవలెను. టిబెట్ గ్రంథాలు ఇతనికి 600 సంవత్సరాల ఆయువు చెప్పుట ఈ చిక్కును విడదీయుటకేనని చరిత్రకారులు భావిస్తారు.

ఇక్ష్వాకుల శాసనాలలో ఆచార్య నాగార్జునుని ప్రస్తావన లేదు. కృష్ణా తీరంలో ఈ పేరుకు లభించిన ముఖ్యమైన శిలాధారం జగ్గయ్యపేట స్తూపం వద్దిది. నాగార్జునాచార్యుని శిష్యుడు జయప్రభాచార్యుడని, అతని శిష్యుడు చంద్రప్రభుడు బుద్ధ ప్రతిమను ప్రతిష్ఠించాడని ఆ శాసనం తెలుపుచున్నది. లిపిని బట్టి ఇది ఇక్ష్వాకుల తరువాతి కాలానిది. అందుచే ఇందులోని నాగార్జునుడు మాధ్యమిక ఆచార్యుడేనా అన్నది వివాదాస్పదం. అయినను ఈ ప్రాంతపు భిక్షువులు ఆ పేరును గురు పరంపరలో చెప్పుకొన్నారనుటకు ఇది రుజువు.

కాబట్టి రసశాస్త్రాన్ని ఒక్క నాగార్జునుడు కనిపెట్టెననుట కంటె, అనేక తరాల రసవాదులు తమ విద్యకు గౌరవం కలుగుటకై ఆ పేరును ధరించిరనుట సత్యానికి దగ్గరగా ఉండును. పేరు పురాణమైనను, మూసలో దిగిన లోహం పురాణం కాదు.

స్మారకములు

నాగార్జునకొండ శిథిలాలను 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక ఉపాధ్యాయుడు గమనించి ప్రభుత్వానికి తెలియజేశారు. అదే సంవత్సరం పురావస్తు శాఖకు చెందిన సరస్వతి వచ్చి పరిశీలించారు. 1927 - 1931 మధ్య ఎ.హెచ్. లాంగ్‌హర్స్ట్, 1938లో టి.ఎన్. రామచంద్రన్ త్రవ్వకాలు జరిపారు. నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. లోయ మునిగిపోవునన్న కారణంచే 1954 - 1960 మధ్య ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయ అంతటా విస్తృతమైన త్రవ్వకాలు జరిగినవి. ముఖ్యమైన కట్టడాలను కొండపైకి, అనుపు వద్దకు తరలించి పునర్నిర్మించారు. కొండ ఇప్పుడు జలాశయం మధ్య ద్వీపంగా ఉన్నది. అక్కడి మ్యూజియంలో లోయలో లభించిన శిల్పాలు, శాసనాలు ఉన్నవి. 2022లో జరిగిన జిల్లాల పునర్విభజనతో నాగార్జునకొండ గుంటూరు జిల్లా నుండి పల్నాడు జిల్లాలోనికి వచ్చినది.

1976లో గుంటూరు వద్ద స్థాపించిన విశ్వవిద్యాలయానికి నాగార్జునుని పేరు పెట్టారు. 2004లో అది ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయమైనది. ఆనకట్ట కుడి ప్రక్కనున్న జవహర్ కాలువ గుంటూరు, ప్రకాశం మండలాల భూములకు నీరు అందించుచున్నది. పత్తికి, మిరపకు పేరుపొందిన ఈ ప్రాంతపు రైతులు నిత్యం సాగర్ నీళ్ళని వ్యవహరించే ఆ నీటి పేరులో కూడా నాగార్జునుడే ఉన్నాడు.